పాత బండికి పూర్వపు కాంతి

మన బిడ్డలు పాఠశాలలో రసాయన శాస్త్రము చదువునప్పుడు ఆక్సీకరణమును గూర్చి నేర్చుకొందురు. పరీక్షలో దాని నిర్వచనమును తప్పు లేకుండ వ్రాయుదురు. కాని ఆ ఆక్సీకరణమే మన వాకిట నిలిచియున్న పాత బండిమీద ప్రతిదినము జరుగుచున్నదని వారికి తోచదు. పెద్దలమైన మనకును తోచదు. బండి పాతబడినది, రంగు పోయినది, గీకి క్రొత్తరంగు వేయింపవలసినదే యని తీర్మానింతుము. ఆ తీర్మానము అన్ని వేళల సరియైనది కాదని తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మా యింట ‘టాటామొబైల్’ పికప్పు ఒకటి కలదు. ఈ తరగతి బండ్లను టెల్కో సంస్థ 1988లో విడుదల చేసినది. ఆ సంస్థయే 2003లో టాటా మోటార్స్ అను పేరు పొందినది. మా తండ్రిగారు బరంపురమున కొబ్బరికాయల వ్యాపారము చేయు దినములలో ఆ బండిని కొని, తొట్టి వెనుక తలుపుమీద ‘తల్లి దీవెన’ యని తెలుగున వ్రాయించిరి. వ్రాసిన చిత్రకారుడు ఇప్పుడు లేడు. మా పేటలో కుంచె పట్టి తెలుగక్షరములు వ్రాయువారు నాకు మరి కనబడలేదు. బండి వెలసి, తుప్పుచుక్కలు లేచినప్పుడు, మొత్తము గీకి రంగు చల్లింపుమని చూచినవారందరును చెప్పిరి. గీకినచో అక్షరములును పోవును. అందుచేత ఈ పనిని నేనే కొంత నేర్చుకొనవలసి వచ్చినది.

రంగు వెలయుటకు కారణము

బండి రేకుమీద నున్నది ఒక్క పొర కాదు. రేకును అంటి ప్రైమరు, దానిపై రంగు ఉండును. ఇటీవలి బండ్లకు ఆ పైన ‘క్లియర్ కోటు’ అను వర్ణము లేని పొర యుండును. ఇవన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రాన్ల మందము. అనగా ఇంచుమించు రెండు తలవెండ్రుకల మందము మాత్రమే. బండి ఆయువంతయు ఈ పలుచని పొరపై ఆధారపడియున్నది.

రంగులో ముఖ్యముగా రెండు వస్తువులు కలవు. ఒకటి వర్ణమునిచ్చు పొడి. రెండవది ఆ పొడిని పట్టియుంచు జిగురు. ఎండలోని అతినీలలోహిత కిరణములును, గాలిలోని ప్రాణవాయువును, తేమయు కలిసి ఆ జిగురును క్రమముగా విరుగగొట్టును. జిగురు పోయినచోట పొడి వదులై, సున్నపుగోడను తాకినట్లు చేతికి అంటును. పైభాగము గరుకగుటచే వెలుతురు తిన్నగా ప్రతిఫలింపక చెదరిపోవును. అందుచేతనే నిగనిగ నశించి బండి బూడిద పూసినట్లు కనబడును. బోనెట్టు, కప్పు నేరుగా ఎండను మోయును గనుక అవియే ముందుగా వెలయును.

మన మేస్త్రీలు చల్లు రంగును నేటికిని ‘డ్యూకో’ యని పిలుచుట వినియుందురు. అది అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1923లో తెచ్చిన రంగు పేరు. అంతకు ముందు ఒక కారునకు రంగు వేసి ఆరబెట్టుటకు వారములు పట్టెడిది. త్వరగా ఆరు ఈ రంగు ఆ యిబ్బందిని తొలగించినది. ఆ రంగు తరము గడచినను పేరు మాత్రము మన షెడ్లలో నిలిచినది.

ముందుగా మూడు పరీక్షలు

మొదటిది: తెల్లని తడిగుడ్డపై కొంచెము పాలిషు వేసి మరుగుచోట రుద్దవలెను. బండి రంగు గుడ్డకు అంటినచో అది క్లియర్ కోటు లేని పూత. అంటనిచో పైన క్లియర్ కోటు కలదని గ్రహింపవలెను.

రెండవది: వెలసినచోట నీరు పోయవలెను. తడిగా నున్నంతసేపు పూర్వపు రంగు కనబడినచో, లోపము పైపైననే కలదని ఆశ పడవచ్చును. నీరు ఆ గరుకు పల్లములను నింపుటచేత కాంతి మరల కనబడుచున్నది.

మూడవది: పొర పొట్టువలె లేచుచున్నదా, బుడిపెలు కలవా యని గోటితో తాకి చూడవలెను. క్లియర్ కోటు పొట్టుగా ఊడుచున్నచో ఎంత పాలిషు పెట్టినను ఫలము లేదు. ఆ భాగమునకు తిరిగి రంగు వేయింపవలసినదే. బుడిపె క్రింద తుప్పు కలదని తెలిసికొనవలెను.

కడుగుట, రుద్దుట

బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడిన పిమ్మట, పైనుండి క్రిందికి కడుగవలెను. రెండు బకెట్లు ఉంచుకొని ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు పెట్టుకొనవలెను. లేనిచో గుడ్డకంటిన ఇసుకయే రంగును గీచును. తారు మరకలకు గుడ్డపై కొంచెము కిరసనాయిలు వేసి తుడిచి వెంటనే కడుగవలెను.

పిమ్మట రుద్దుట. ఇచ్చట ఒక్క సూత్రమును మరువరాదు: రుద్దుట యనగా రంగును కొంత తీసివేయుటయే. తీసినది తిరిగి రాదు. కావున మొదట అతి మృదువైన పాలిషుతో ఒక అడుగు చదరపు చోట ప్రయత్నించి చూడవలెను. అది చాలనిచో మాత్రమే రబ్బింగు కాంపౌండు చేపట్టవలెను. అంచులమీద, మడతలమీద రంగు మిక్కిలి పలుచగా నుండును. అచ్చట టేపు అంటించి, చివరకు చేతితోనే సున్నితముగా తుడువవలెను.

ఈ మాట నేను అనుభవముచే చెప్పుచున్నాను. మొదటి దినమున యంత్రమును అద్దెకు తెచ్చి, తొందరపడి గట్టి కాంపౌండుతో ఎడమ మడ్‌గార్డు మడతమీద నిలిపి రుద్దితిని. కొన్ని క్షణములలో రంగు పోయి బూడిదవన్నె ప్రైమరు బయటపడినది. తప్పు యంత్రముది కాదు, నాదే. ఆ మచ్చ నేటికిని కలదు. అది చూచిన తరువాత అక్షరములున్న తలుపు దగ్గరకు యంత్రమును పోనీయలేదు.

చేతితో వ్రాసిన అక్షరములు బండి రంగుపై వేసిన ఎనామెలు పూత. వానికి కాంపౌండు తగదు. మెత్తని గుడ్డతో పలుచని సబ్బునీటిని అద్ది, ఒక మూల చూచి, గుడ్డకు రంగు అంటనిచో మాత్రమే ముందుకు పోవలెను. ఆరిన పిమ్మట రాపిడి లేని మైనమును పలుచగా పూయవలెను. నేను రెండు ఆదివారములు ఆ ఆరడుగుల తలుపునకే వెచ్చించితిని. అక్షరములు క్రొత్తవి కాలేదు. చదువుటకు వీలుగా నిలిచినవి.

బండి అంతటికిని చివర మైనము పూయవలెను. ఇందులో పేరుపొందిన కార్నోబా మైనము బ్రెజిల్ దేశపు ఒక జాతి తాటియాకులనుండి లభించును. మైనము శాశ్వతము కాదు. మన యెండలకు రెండు మూడు నెలలకొకసారి తిరిగి పూయుట మేలు.

తుప్పు

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణము పెరుగును. అందుచేతనే రంగు బుడిపెగా లేచును. సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని త్వరపరచును. బుడిపెను గీకి, మెరయు ఇనుము కనబడువరకు శుభ్రపరచి, గుంటలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారికామ్లము కలిసిన మందు పూయవలెను. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చును. పిమ్మట ప్రైమరు, అవసరమైనచో లప్పము, ఆపైన రంగు వేయవలెను. తుప్పును కప్పి లప్పము పెట్టినచో లోపల అది పెరుగుచునే యుండును. తలుపుల అడుగున, తొట్టి మూలలలో నీరు పోవు రంధ్రములు పూడియున్నవేమో చూచుట ముఖ్యము.

బంపరు, బీడింగు, మెరుగు పనులు

నల్లని ప్లాస్టిక్కు బంపరులు ఎండకు బూడిదవన్నె యగును. రంగు మైనము వానికి తగిలినచో తెల్లని మరకలు పడును. కావున ముందే టేపు వేయవలెను. వానిని సబ్బుతో తోమి, ఆరిన తరువాత ప్లాస్టిక్కునకై అమ్ము పూతను పూయవలెను. రబ్బరు బీడింగులకు కిరసనాయిలు, పెట్రోలు తగులరాదు. రబ్బరు ఉబ్బి పాడగును. సిలికోను గ్రీజు మంచిది.

మన యిండ్లలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోముదురు. ఆ అలవాటున మెరయు బంపరునకును చింతపండు పెట్టరాదు. అచ్చటి క్రోమియము పొర సాధారణముగా ఒక మైక్రానుకంటె పలుచన. దాని క్రింద నికెలు, ఆ క్రింద ఇనుము ఉండును. సన్నని పగుళ్లలో పులుపు నిలిచినచో తుప్పు హెచ్చును. పైపై తుప్పుచుక్కలకు అల్యూమినియము రేకు ఉండను నీటిలో ముంచి మెల్లగా రుద్దిన చాలును. ఇనుప పీచు వాడరాదు.

బిడ్డల క్షేమము

పాత రంగులలో, ముఖ్యముగా పసుపు, నారింజ వన్నెలలో, సీసము ఉండవచ్చును. ఇండ్లకు వేయు రంగులలో సీసమును 90 పి.పి.ఎమ్.కు మించనీయరాదని మన దేశమున చేసిన నియమము 2017 నవంబరు నుండి అమలునకు వచ్చినది. పాత బండిమీద రంగునకు ఆ భరోసా లేదు. కావున పొడిగా గీకరాదు. వాటర్ పేపరుతో తడిపి రుద్ది, ముక్కునకు తగిన మాస్కు ధరించి, ఆ మురికి పిల్లలు ఆడు చోట పడనీయక తీసివేయవలెను. రెండు పాళ్లు కలిపి చల్లు నేటి రంగులలో ఐసోసయనేటులు ఉండును. అవి ఊపిరితిత్తులకు హానికరములు. ఆ పనిని తగిన సాధనములున్న షెడ్డుకే విడువవలెను.

కడుగుటయు, నీటి పరీక్షయు, మైనము పూయుటయు మాత్రము పిల్లలు పెద్దల ప్రక్కన నిలిచి నిర్భయముగా చేయదగినవి. మా చిన్నవాడు ఏడవ తరగతి. తలుపు తుడుచుచు ‘దీవెన’లోని గుడిదీర్ఘము సగము వెలసినదని వాడే చూపెను. దానిని నింపుటకు సన్నని కుంచె తెచ్చితిమి. మొదట కాగితముమీద పదిసార్లు వ్రాసి, పిమ్మట వాడే నింపెను. చేయి కొంత వణికినది. అయినను అక్షరము కుదిరినది.

తల్లిదండ్రులు ఇంట పాత బండి యున్నచో దానిని గీకించుటకు ముందు ఒక ఆదివారము బిడ్డలతో కూర్చుండి, ఏది నిలుపవచ్చునో, ఏది నిలుపరానిదో పరీక్షింపవలెనని మనవి.