మేక కథ ఏ మెట్టు?

బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. అక్కడి సత్యనారాయణపేటలో తెలుగు మాట్లాడే ఇళ్లలో చాలామంది పిల్లలకు బడిలో ముందు అలవాటయ్యేది కన్నడ లిపి. ఇంట్లో తెలుగు వింటూ, బడిలో కన్నడం రాస్తూ పెరిగే పిల్లవాడి చేతికి ఒక తెలుగు కథ ఇవ్వాలంటే, అది ఏ మెట్టు కథో ముందు కొలవాలి. సరంజామా కొంచెమే: కథ ప్రతి, పెన్సిలు, సెకన్ల ముల్లున్న గడియారం, నాలుగైదు జెరాక్సు కాగితాలు. ఓపిక మాత్రం రెండు పూటలకు సరిపడా కావాలి.

మొదటి పని ముక్క తీయడం. కథ మొదట్లో ఒకచోట, నడుమ ఒకచోట, చివర ఒకచోట తలా నూరు మాటలు గుర్తు పెట్టుకుంటారు. ఆరంభం తేలిగ్గా ఉండి, నడుమకు వచ్చేసరికి రచయిత వర్ణనలో పడే కథలు చాలా ఉంటాయి కాబట్టి ఒకచోటి ముక్కను నమ్మకూడదు. పని తీరు చూపడానికి మాత్రం ఈ నాలుగు వాక్యాలు చాలు: చెరువు గట్టు మీద వేప చెట్టు ఉంది. చెట్టు కింద రాములు మేకలు మేపుతున్నాడు. ఒక మేక నీళ్ళు తాగడానికి దిగింది. బురదలో దాని కాలు కూరుకుపోయింది.

ఇక లెక్క. మాటలు 20, వాక్యాలు 4, అంటే వాక్యానికి 5 మాటలు. తరువాత అక్షరాలు: గుణింతం, సున్న, ఒత్తు ఏది తగిలినా పలికేటప్పుడు ఒక్క దెబ్బగా వచ్చేది ఒక అక్షరం. మొత్తం 56. మాటకు 2.8.

ఈ అంకెలను ఇంగ్లీషు కొలబద్దలో పెడితే ఏమవుతుందో ఒకసారి చూడాలి. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన సూత్రం ఇది: 206.835 లోంచి, వాక్యానికి ఎన్ని మాటలో దాన్ని 1.015తో హెచ్చించి తీసివేయాలి. మాటకు ఎన్ని అక్షరాలో దాన్ని 84.6తో హెచ్చించి అదీ తీసివేయాలి. నూరుకు దగ్గరైతే సులువు, 30కి దిగితే పట్టభద్రులు చదివేది. మన మేక కథకు వచ్చేది సున్నకు 35 కింద! ‘కూరుకుపోయింది’ ఆరక్షరాల మాటే, కానీ ఏడేళ్ల పిల్ల రోజూ అనే మాట. తెలుగులో విభక్తీ, కాలమూ, చేసినవాడెవరన్నదీ మాటకే అతుక్కుంటాయి. మాట పొడవును బట్టి కష్టాన్ని కొలిచే సూత్రం ఇక్కడ పనికిరాదు.

అందుకే పెన్సిలు ఒత్తుల మీదికి వెళుతుంది. నా దృష్టిలో ఈ పనిలో అసలు నేర్పు ఇక్కడే ఉంది. ఒత్తున్న ప్రతి అక్షరానికీ సున్న చుడతారు. అదే హల్లు రెట్టిస్తే ద్విత్వం, వేరే హల్లు చేరితే సంయుక్తం, మూడు హల్లులు కలిస్తే సంశ్లేషం. మేక ముక్కలో ట్టు మూడుసార్లు, న్నా, ళ్ళు ఒక్కోసారి: 56లో 5, అన్నీ ద్విత్వాలే. ఇప్పుడు దీని పక్కన మరో వాక్యం పెట్టండి: ఉపాధ్యాయుడు విద్యార్థులకు వృక్షాల ప్రాముఖ్యత వివరించాడు. ఇదీ 5 మాటల వాక్యమే. కానీ 22 అక్షరాల్లో 6 సంయుక్తాలు, నూటికి 27. మేక కథలో ఒత్తులు నూటికి 9 మాత్రమే. వాక్యం పొడవు రెంటికీ ఒకటే అయినా, మెట్లు ఎంత దూరమో ఒత్తులు చెబుతున్నాయి.

తరువాత తెలిసిన మాటల జల్లెడ. ఇంట్లో వినపడని మాట కింద గీత గీస్తారు. అనంతపురం వైపు యాస మాట్లాడే ఇంట్లో ‘ఎనుము’ తెలుస్తుంది; పుస్తకంలో ‘గేదె’ అని ఉంటే, అక్షరాలు రెండే అయినా గీత పడుతుంది. బొమ్మ చూసి అర్థం చేసుకోగలిగితే ఆ గీతను చెరిపేస్తారు.

మొత్తం నిడివి కూడా లెక్కే. ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వేదిక స్టోరీవీవర్ నాలుగు మెట్లు పెట్టింది: సుమారు 250 మాటల దాకా మొదటిది, 600 దాకా రెండోది, 1500 దాకా మూడోది, ఆ పైన నాలుగోది. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పట్టేది తెలుగులో ‘రాలేకపోయింది’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అనువాద కథ మాటల లెక్కలో చిక్కిపోతుంది కాబట్టి మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టవలసిందే.

సరిహద్దు ఊళ్లో అదనంగా చేసేది లిపి సరిచూడటం. గ, డ, బ, ర, ల కన్నడం వచ్చిన కంటికి పాతవే. క, త, శ కొత్తవి. ‘కర్ర’, ‘సూర్యుడు’ లాంటి మాటల దగ్గర పిల్లలు ఆగుతారు. కన్నడంలో ఆ రకారం అర్కావత్తుగా పక్కకు వస్తుంది. తెలుగులోనూ ఒకప్పుడు అదే గుర్తు వలపలగిలక పేరుతో ఉండేది, ఇప్పటి అచ్చులో లేదు. ఇలాంటి చోట్లన్నీ అంచున చుక్క పెట్టి ఉంచుకుంటారు.

చివరికి పిల్లల నోట చదివిస్తారు. ఐదారుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు, విడివిడిగా. బిడ్డ చదువుతుంటే కొలిచేవారి కళ్లు తమ కాగితం మీదే ఉంటాయి, మధ్యలో దిద్దరు. ఎమ్మెట్ బెట్స్ 1946లో పెట్టిన హద్దులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: నూటికి 99 మాటలు సరిగ్గా వస్తే సొంతంగా చదువుకోగలరు, 95 వస్తే పక్కన పెద్దవాళ్లు ఉండాలి, 90కి తగ్గితే ఆ పుస్తకం ఇంకా ఇవ్వకూడదు. చుక్క పెట్టిన అక్షరం దగ్గర తడబడితే ఒక వరుసలో, గీత గీసిన మాట దగ్గర తడబడితే మరో వరుసలో రాస్తారు. తరువాత ఇలాంటి నాలుగు ప్రశ్నలు: మేక ఎందుకు దిగింది? కాలికేమయింది? గడగడా చదివి జవాబు చెప్పలేని పిల్లలూ, తడుముకుంటూ చదివి కథంతా చెప్పేవాళ్లూ ఇక్కడే బయటపడతారు.

తప్పులన్నీ లిపి వరుసలోనే పడి, జవాబులు సరిగా వస్తే కథ మెట్టు మార్చరు. క, త, శ గుణింతాల కాగితం ఒకటి పుస్తకానికి జత చేస్తారు. తప్పులు మాటల వరుసలో పడితే ఒక మెట్టు పెంచుతారు. 230 మాటల్లో ముగిసి, చివరిదాకా ఇలాగే సాగే మేక కథ అయితే వెనక అట్ట మీద 1 వేస్తారు, కొలిచిన తేదీ, పిల్లలు చదివే తరగతులు దాని కింద రాస్తారు.