పరదేశంలో పండుగ వంట

పండుగ అనగానే మనకు మొదట స్ఫురించేది వంటిల్లు. పంచాంగం తిథిని చెప్పగలదే గాని, పండుగను ఇంటికి తేలేదు. దానిని తెచ్చేది పొయ్యి మీది ఘుమఘుమ. స్వగృహానికి వేల మైళ్ల దూరాన, కావలసిన దినుసులు దొరకని అంగళ్ల నడుమ బ్రతికేవారికి ఈ సత్యం మరింత బాగా తెలుస్తుంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకక అమెరికాలో నేటి తెలుగు ఇల్లాలు పడే చిక్కునే, నూటయాభై ఏళ్ల క్రిందట మద్రాసులో క్రిస్మస్ విందు చేయబూనిన ఆంగ్ల గృహిణి కూడా పడింది.

ఆ విందు స్వరూపాన్ని ముందు తెలుసుకోవాలి. 19వ శతాబ్దిలో ఇంగ్లాండులో స్థిరపడిన క్రిస్మస్ భోజనానికి నిప్పుసెగన కాల్చిన పెద్దబాతు గాని, టర్కీ కోడి గాని ప్రధానం. దాని కడుపులో ఉల్లి, సేజ్ ఆకు, రొట్టెపొడి కూరుతారు. తోడుగా కాల్చిన బంగాళాదుంపలు ఉంటాయి. ఇవన్నీ ఒక ఎత్తు, చివర వడ్డించే ప్లమ్ పుడ్డింగు ఒక ఎత్తు. పేరులో ప్లమ్ ఉన్నదే గాని అందులో ఆ పండు ఉండదు. పూర్వపు ఆంగ్లంలో ఎండుద్రాక్షను కూడా ఆ మాటతోనే వ్యవహరించేవారు. ఎండుద్రాక్ష, రొట్టెపొడి, గుడ్లు, చక్కెర, జాజికాయ వంటి సుగంధద్రవ్యాలు, పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు కలిపి, గుడ్డలో మూటకట్టి గంటల తరబడి ఉడికిస్తారు. పండుగకు నాలుగైదు వారాల ముందే ఒక ఆదివారం ఈ పని సాగుతుంది. ఇంటిల్లిపాదీ తలా ఒకసారి గరిట త్రిప్పి మనసులో ఒక కోరిక కోరుకుంటారు. మన ఆవకాయ వలె అది ఊరినకొద్దీ రుచికి వస్తుంది.

ఈ నిల్వగుణమే దానిని లోకమంతా త్రిప్పింది. 1902 డిసెంబరులో స్కాట్, విల్సన్, షాకిల్టన్ అనే ముగ్గురు అన్వేషకులు దక్షిణ ధ్రువాన్ని చేరాలన్న ఆశతో అంటార్కిటికా మంచు మీద నడుస్తున్నారు. తిండి తగ్గించుకున్నారు; రాత్రి కలలలో కూడా భోజనాలే కనిపించేవి. స్కర్వీ వ్యాధి లక్షణాలు అప్పటికే పొడచూపాయి. క్రిస్మస్ నాడు షాకిల్టన్ తన సామానులో నుండి ఒక మేజోడు తీశాడు. దాని కొనలో క్రికెట్ బంతి అంత ప్లమ్ పుడ్డింగు ఉంది! పైన గుచ్చడానికి హోలీ అనే పండుగ మొక్క కృత్రిమపు రెమ్మను సైతం వెంట తెచ్చాడు. ఆకలిగొన్నవాడు ఆహారాన్ని దాచుకోవడం సహజమే. అలంకారాన్ని కూడా దాచుకోవడంలోనే మనిషి కనిపిస్తాడు.

మనదేశంలోని ఆంగ్లేయులకు ఆకలి బాధ లేదు. వారి ఇబ్బంది వేరు. చలిదేశపు విందును ఉక్కపోసే తీరంలో వండాలి. స్వదేశంలోని ఇనుప ఓవెన్ల వంటివి ఇక్కడ అరుదు. మూతపెట్టిన పాత్రకు క్రిందా మీదా నిప్పులు పేర్చి కేకులు కాల్చవలసి వచ్చేది. మద్రాసు సైన్యాధికారి కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ అనే కలంపేరుతో 1878లో ఆంగ్లంలో ఒక వంటల పుస్తకం ప్రకటించాడు. సీమనుండి వచ్చే డబ్బాల ఆహారాన్నే గొప్పగా భావించి విందులు చేయడం ఆయనకు నచ్చలేదు. అంగడిలో దొరికే తాజా సరకులతో చక్కగా వండుకొమ్మన్నాడు. బంగళాకు దూరంగా విసరివేసినట్లుండే వంటగదుల దుస్థితిని కూడా విమర్శించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ విందు తినేవారు ఆంగ్లేయులు, వండేవారు మనవారు. తాను ఎన్నడూ చూడని దేశపు పండుగను, తన ఇంట ఎన్నడూ తినని పదార్థాన్ని, యజమానురాలు నోటితో చెప్పిన గుర్తులను బట్టి వంటవాడు సిద్ధం చేయాలి. కొన్ని మాంసాలను ముట్టడానికి అతని మతాచారం అడ్డు రావచ్చు. ‘మా ఊరి రుచి రాలేదు’ అన్న మాట పడవలసినవాడూ అతడే. వంటల పుస్తకాలు వ్రాసిన దొరల పేర్లు నిలిచాయి. వండిన చేతుల పేర్లు చాలావరకు నిలువలేదు.

నిలిచిన ఒక పేరు మంబళ్లి బాపు. కేరళలోని తలశ్శేరిలో ఆయనకు బిస్కట్ల కార్ఖానా ఉండేది. ఆ విద్యను ఆయన బర్మాలో నేర్చాడు. 1883లో అంజరకండి దాల్చినచెక్క తోట యజమాని మర్డాక్ బ్రౌన్ ఇంగ్లాండునుండి తెచ్చిన ఒక క్రిస్మస్ కేకును బాపు చేతిలో పెట్టి, ‘ఇటువంటిది చేయగలవా?’ అని అడిగాడట. సమీపంలోని మాహే ఫ్రెంచి వలస. అక్కడి బ్రాందీని కలుపమని కూడా సూచించాడు. బాపు సూచన విన్నాడు గాని పాటించలేదు. జీడిమామిడి పండ్లనూ, కదళి అనే అరటిపండ్లనూ పులియబెట్టి తీసిన స్థానిక పానీయాన్ని వాడాడు. (మనకు కావ్యాలలోనే కనిపించే కదళీశబ్దం అక్కడ ఇప్పటికీ అంగట్లో ఒక అరటి రకానికి పేరుగా బ్రతికి ఉంది.) సుగంధద్రవ్యాలు మలబారువి; కేకు అచ్చు కమ్మరి చేసినది. బ్రౌన్ రుచి చూశాడు. తాను తిన్న మేలైన కేకులలో ఇది ఒకటని మెచ్చి, మరొక డజను చేయమన్నాడు. బాపు కుటుంబంలో తరతరాలుగా చెప్పుకొంటున్న కథ ఇది.

ఆ బ్రాందీయే కలిపి ఉంటే బ్రౌన్ దానిని తన దేశపు కేకుకు నకలుగా మాత్రమే స్వీకరించేవాడేమో! పులిసిన జీడిపండ్ల రసం దానిని తలశ్శేరి కేకుగా మార్చింది. బాపు వంశీయులు నేటికీ కేరళలో బేకరీలు నడుపుతున్నారు. డిసెంబరు రాగానే అక్కడ మతభేదం లేకుండా ఇంటింటికీ కేకు చేరుతుంది. మన సికింద్రాబాదు బేకరీలలోనూ ఆ నెలలో ప్లమ్ కేకులు కొలువుదీరుతాయి. వాటిని కొని తీసుకువెళ్లే తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, అదే పళ్లెంలో అరిసెలు కూడా ఉంటాయి.