‘ఏం కాదులే, పడుకో’ అంటే సరిపోతుందా?

ఐదో నెల. మర్నాడు టిఫా స్కాన్. ‘‘రేపు ఏం చెబుతారోనని నిద్ర పట్టట్లేదండీ’’ అంటుంది భార్య. ‘‘ఏం కాదులే, పడుకో’’ అంటాడు భర్త. ప్రేమ లేక కాదు. నిజానికి అతనికీ నిద్ర రావడం లేదు. కానీ ఆ ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోయింది. ఆమె భయం ఆమె దగ్గర, అతని భయం అతని దగ్గర ఉండిపోయాయి.

ఇలాంటి సందర్భాలను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త గై బోడెన్‌మన్ ముఖ్యుడు. దంపతుల్లో ఒకరి ఒత్తిడి ఆ ఒక్కరిదిగానే ఉండిపోదని, దాన్ని ఇద్దరూ కలిసి ఎలా ఎదుర్కొంటారన్నదే కీలకమని ఆయన 1990లలో ప్రతిపాదించారు. దీన్ని ‘డయాడిక్ కోపింగ్’ అంటారు. భౌతికశాస్త్రం చదివిన నాకు ఇక్కడ ఒకే తాడుకు వేలాడదీసిన రెండు లోలకాలు గుర్తొస్తాయి. ఒకదాన్ని ఊపి వదిలితే కాసేపటికి రెండోది కూడా ఊగడం మొదలుపెడుతుంది.

బోడెన్‌మన్ లెక్క ప్రకారం ముందు ఒకరి నుంచి సంకేతం వస్తుంది. అది మాటే కానక్కర్లేదు. నిట్టూర్పు కావచ్చు, కూరలో ఉప్పు తగ్గిందన్న విసుగు కావచ్చు. రెండోవారు దాన్ని గుర్తించి స్పందించాలి. దగ్గర కూర్చుని వినడం, సమస్య తేలే దారి చెప్పడం, కొన్ని పనులను పూర్తిగా తమ మీద వేసుకోవడం, ఇద్దరూ కలిసి ఆలోచించుకోవడం... ఇవన్నీ మేలు చేసే స్పందనలు. ఎగతాళి, విసుక్కోవడం చేటు చేస్తాయని వేరే చెప్పక్కర్లేదు. అయితే మనసు పెట్టకుండా పైపైన చేసే సాయాన్ని కూడా ఆయన ఈ చేటు జాబితాలోనే చేర్చారు. అంతా విన్నాక ‘ఏం కాదులే’ అంటే అది ధైర్యం. వినకుండానే అంటే తలుపు మూసినట్టే.

మరి బిడ్డ సంగతి? ఒత్తిడిలో మన శరీరం కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. గర్భిణుల్లో దీని స్థాయి సహజంగానే పెరుగుతుంది. అయితే మాయలోని ఒక ఎంజైమ్ ఈ కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని ప్రభావం లేని కార్టిసోన్‌గా మార్చి బిడ్డకు కొంత రక్షణ కల్పిస్తుంది. కాబట్టి ఒకరోజు ఏడ్చినంత మాత్రాన, ఒక పూట మాటామాటా అనుకున్నంత మాత్రాన కడుపులో బిడ్డకు ఏదో అయిపోతుందని బెంగపడనక్కర్లేదు. ‘నువ్వు దిగులు పడితే బిడ్డకు ముప్పు’ అని పదేపదే హెచ్చరించే పెద్దలు ఆమె నెత్తిన ఇంకో బరువు పెడుతున్నట్టే. వారాల తరబడి సాగే తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు మాత్రం వేరు. వాటికీ నెలలు నిండకుండా కాన్పు కావడానికీ, బిడ్డ బరువు తగ్గడానికీ సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి.

తోడు ఉంటే మెదడులోనే తేడా కనిపిస్తుంది. 2006లో అమెరికాలో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహితలను ఎమ్మారై యంత్రంలో ఉంచి, చిన్న కరెంటు షాక్ తగలొచ్చని హెచ్చరించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ముప్పుకు స్పందించే మెదడు భాగాల్లో అలజడి తగ్గింది. అపరిచితుడి చెయ్యి అంతగా పనిచేయలేదు. కాపురం సఖ్యంగా ఉన్నవారిలో ఫలితం ఇంకా బాగుంది. ఇది గర్భిణుల మీద చేసిన ప్రయోగం కాదు, పాల్గొన్నవారూ కొద్దిమందే. అయినా ఆలోచించదగ్గదే.

భర్త వైపు చూసేవారు తక్కువ. 43 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన ఒక విశ్లేషణ ప్రకారం, భార్య గర్భిణిగా ఉన్నప్పటి నుంచి బిడ్డ పుట్టిన ఏడాది వరకు సుమారు 10 శాతం తండ్రుల్లో కుంగుబాటు కనిపించింది. తల్లి కుంగుబాటుతో దానికి సంబంధం కూడా ఉంది. ఆస్పత్రి ఖర్చు, కాన్పు భయం ఎవరికి చెప్పుకోవాలో తెలియక మౌనంగా ఉండే మగవాళ్లు మన చుట్టూ లేరా?

మన దగ్గర ఇంకో చిక్కుంది. సీమంతం కాగానే తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. అమ్మ చేతి వంట, విశ్రాంతి, పెద్దవాళ్ల అనుభవం... ఇవి తక్కువేం కాదు. కానీ భయం పెరిగే చివరి వారాల్లోనే దంపతులు దూరమవుతారు. ‘‘తిన్నావా? మాత్రలు వేసుకున్నావా?’’తో ఫోన్ అయిపోతుంది. దాని బదులు ‘‘ఇవాళ దేనికి భయమేసింది?’’ అని అడిగి, సలహా ఇవ్వకుండా కాసేపు వింటే చాలు. తన దిగులూ ఒకటి చెప్పుకుంటే ఇంకా మంచిది. రాత్రి నొప్పులొస్తే బండి ఎవరిది, రక్తం అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, బీమా కాగితాలు ఎక్కడున్నాయి అన్నవి దూరం నుంచి కూడా భర్త పూర్తిగా తన మీద వేసుకోవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల ప్రత్యేక పరీక్షలకు వీలైతే వెంట వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి చట్టం లేదు, యాజమాన్యం దయ మీదే ఆధారపడాలి. ‘భర్త పక్కన ఉండాలి’ అని సలహా ఇచ్చేవాళ్లం ఈ సంగతి మర్చిపోతుంటాం.

భర్త వల్లే భయం, హింస ఉన్న ఇంట్లో ఈ సలహాలు పనికిరావు. అక్కడ ముందు ఆమె భద్రత చూడాలి. ఇక దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చెప్పాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. భర్తలు కూడా.