తూకం చేప, ఏటి చేప

నార్త్ కరోలినా కొండల్లో ట్రౌట్ పట్టడానికి మామూలు మనిషికి రెండు దారులున్నాయి. ఫారానికి వెళ్ళి గాలం వేసి, పట్టినదాన్ని పౌండ్ల లెక్కన తూయించుకుని డబ్బు కట్టడం ఒకటి. లైసెన్సు తీసుకుని, రాష్ట్ర వన్యప్రాణి శాఖ చేపలు వదిలే ఏటికి వెళ్ళడం రెండోది. షార్లెట్ చుట్టూ మన కుటుంబాలు పెరిగాక, వేసవిలో అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని కొండలెక్కేవాళ్ళూ పెరిగారు. బయల్దేరేముందు "ఎక్కడికెళితే మంచిదండీ?" అని నన్ను అడుగుతుంటారు. ఉద్యోగం మానేశాక నా శనివారాలు ఎక్కువగా ఆ కొండల్లోనే గడుస్తున్నాయి కాబట్టి, తెలిసింది వరసగా రాస్తున్నాను. రెండింటికీ వెళ్ళమనే నా సలహా. కాకపోతే ఫారంతోనే ఆగిపోవద్దు.

1. ఫారంలో గాలం వేయకముందే లెక్క అనుకోండి

అక్కడ పట్టిన చేపను తిరిగి నీళ్ళలో వదలనివ్వరు. చాలా చోట్ల గేటు దగ్గరే రాసి ఉంటుంది. కొక్కెం గొంతులో దిగిన చేపను వదిలినా రెండు రోజుల్లో వెల్లకిలా తేలుతుంది, ఆ నష్టం యజమానిది. అందుకని ఒడ్డెక్కిన ప్రతిదీ మీ బుట్టలోకి, మీ బిల్లులోకి వస్తుంది.

మేతకు అలవాటుపడ్డ చేపలు కాబట్టి నీళ్ళమీద ఏం పడినా వచ్చేస్తాయి. పిల్లాడు బెండు సర్దుకునేలోపే లాగేస్తాయి. నలుగురు పిల్లలు, నాలుగు కర్రలు అయితే బుట్ట నిండడానికి ఎంతోసేపు పట్టదు. తలా ఒకటి, మహా అయితే రెండు అని కారు దిగకముందే చెప్పండి. లెక్క పూర్తవగానే కర్ర తిరిగి ఇచ్చేయండి. చేతిలో కర్ర ఉంటే ఏ పిల్లాడూ ఆగడు.

2. పొడవు చూసి బరువు ఊహించకండి

12 అంగుళాల ట్రౌట్ సుమారు ముప్పావు పౌండు తూగుతుంది. 16 అంగుళాలది నాలుగంగుళాలే ఎక్కువ, బరువు మాత్రం రెట్టింపు దాటుతుంది. పొడవుతో పాటు వెడల్పూ మందమూ పెరుగుతాయి గదా. తూకం కూడా మామూలుగా పేగులు తీయకముందే వేస్తారు. మొప్పలు, పేగులు తీశాక ఆరోవంతు దాకా పోతుంది. ముల్లు తీసి కండ మాత్రమే కోయించుకుంటే సగం చేతికొస్తే గొప్ప. శుభ్రం చేసినందుకు, కర్రకు, ఎరకు విడిగా తీసుకునే చోట్లున్నాయి, ముందే అడగండి. పెద్ద చేపల మడుగు, చిన్న చేపల మడుగు వేరుగా ఉంటే నేను చిన్నదాని దగ్గరే నిలబడతాను. 12 అంగుళాల చేప తలతో సహా మన పెనంలో పడుతుంది.

3. కాలువల వెంట ఒకసారి నడవండి

మా వియ్యంకుడు గారిది కైకలూరు దగ్గర ఊరు. కొల్లేటి అంచున శీలావతి, బొచ్చె చెరువులు చేసిన మనిషి. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఫారానికి తీసుకెళితే గాలం ముట్టుకోలేదు. సిమెంటు కాలువల గట్టు వెంట పైదాకా నడుచుకుంటూ పోయి, ఒక కాలువలోంచి ఇంకోదాన్లోకి నీళ్ళు దూకే చోట మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి పెట్టి చూశారు. వెంటనే తీసేసుకున్నారు, అంత చల్లన. "బావగారూ, వీళ్ళు నీళ్ళను ఎక్కడా నిలవనివ్వటం లేదు. నిలిస్తే ఈ చేప బతకదు కాబోలు" అన్నారు.

అసలు సంగతి అంతా ఆ మాటలోనే ఉంది. శీలావతి వెచ్చటి నీళ్ళలో పెరుగుతుంది, నీళ్ళలో గాలి కాస్త తగ్గినా ఓర్చుకుంటుంది. తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కడితే అదే వచ్చి తిని పోతుంది. ట్రౌట్‌కు చల్లని నీరు కావాలి, అందులో ప్రాణవాయువు నిండుగా ఉండాలి. కొండ ఊటను మెట్లు మెట్లుగా దూకిస్తూ కిందికి పంపేది అందుకే, దూకిన ప్రతిసారీ నీళ్ళలో గాలి కలుస్తుంది. మేత చేపపొడి, సోయా కలిపిన గుళికలు. వియ్యంకుడు గారు యజమానిని అడిగిన మొదటి ప్రశ్న మేత గురించే. పౌండు చేప పెరగడానికి పౌండుంబావు దాకా మేత పడుతుందని విని, "తవుడుతో ఆ లెక్క ఎప్పటికీ రాదు" అని తల పంకించారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకుంటూనే ఉన్నారు, మధ్యలో నేను మాట అందించడమే నా పని.

తినడానికి పెంచే ట్రౌట్‌లో ఈ దేశంలో ఐడహో మొదటిది, నార్త్ కరోలినా రెండోది. ఊట నీరు వచ్చే దారిలో ఆకులు పేరుకుని ప్రవాహం ఆగితే కొద్దిసేపట్లోనే చేపలు చచ్చిపోతాయి. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే పని అది. పళ్ళెంలోకి వచ్చే సైజుకు ఏడాది పట్టే చేపను పౌండు ఇంత అంటే నేను బేరమాడను. మీవాళ్ళనూ ఆడనివ్వకండి.

4. ఏటి చేప కూడా తొట్టిలో పుట్టిందే

"ఏట్లో పట్టిందే చేప, ఫారంలోది చేపే కాదు" అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ మాట నాకు నచ్చదు. శాఖవారు వదిలే చేపలూ ఇలాంటి కాలువల్లో ఇలాంటి గుళికలు తిని పెరిగినవే. పిస్గా అడవిలో డేవిడ్‌సన్ నది ఒడ్డున ఉన్న సెట్జర్ హ్యాచరీ లాంటి చోట్ల పెంచి, లారీ తొట్లలో తెచ్చి వంతెనల దగ్గర దింపుతారు. ఏడాదికి పది లక్షలకు దగ్గరగా వదులుతూ వచ్చారు. వాటిలో నూటికి 96 సుమారు 10 అంగుళాలవి, మిగతావి 14 దాటినవి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వరద మెక్‌డవెల్ కౌంటీలోని ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యాచరీని దెబ్బతీసి, లక్షల చేపల్ని పొట్టన పెట్టుకుంది.

లారీ వెళ్ళిపోయాకే తేడా మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు దింపిన మడుగులోనే గుంపుగా తిరుగుతూ, ఫారం చేపల్లాగే ఏ ఎరనైనా అందుకుంటాయి. తర్వాత విడిపోయి ఒక్కోటి ఒక్కో రాయి వెనక, ప్రవాహం నెమ్మదించే చోట నిలబడుతుంది. నీళ్ళలో కొట్టుకొచ్చే పురుగు రుచి తెలుస్తుంది. అప్పటినుంచి మీరు నేర్చుకోవాలి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది, అందుకని దిగువ నుంచి, దాని వెనకవైపుగా నడవాలి. మీ నీడ దాని మీద పడకూడదు. ఎర ఎగువన పడి, నీళ్ళు ఎంత వేగంతో పోతున్నాయో అంతే వేగంతో దాని ముందుకు రావాలి. దారం బిగిస్తే ఎర నీళ్ళకు అడ్డంగా జరుగుతుంది, చేప చూస్తూ ఊరుకుంటుంది.

ఇదే ఫారం నేర్పలేనిది. లారీ వచ్చిన మర్నాడే పరుగెత్తే బదులు పది రోజులాగి వెళ్ళండి. రద్దీ తగ్గుతుంది, మిగిలిన చేప మీకు పని చెబుతుంది.

5. చెట్టుకు కొట్టిన పలక చదవండి

ఏటి ఒడ్డున చెట్లకు వజ్రం ఆకారంలో పలకలుంటాయి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పలక ఉంటే రోజుకు మనిషికి 7 చేపలు, ఎర ఏదైనా పరవాలేదు. ఆ ఏరుల్ని మార్చి 1 నుంచి ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున 7 గంటల దాకా మూసేస్తారు. నలుపు, తెలుపు పలక ఉంటే అక్టోబరు 1 నుంచి జూన్ మొదటి శనివారం దాకా పట్టిన ప్రతి చేపనూ వెంటనే వదిలేయాలి. ఒంటి కొక్కెం ఉన్న కృత్రిమ ఎరే వాడాలి, వానపాము డబ్బా జేబులో ఉన్నా తప్పే. పలకలు మారుతుంటాయి, ఏటేటా వచ్చే నిబంధనల పుస్తకం చూసుకోండి.

కార్తీక మాసంలో నీచు ముట్టనివాళ్ళు, వదిలేసే ఏరే కాబట్టి వెళ్ళొచ్చా అని అడుగుతుంటారు. చట్టం వెళ్ళమనే అంటుంది. నేనైతే ఆ నెల కర్ర ఇంట్లో పెట్టి, ఒట్టి చేతులతో ఏటి వెంట నడుస్తాను. తినననుకున్నప్పుడు కొక్కెం గుచ్చడం నాకు మనసొప్పదు. ఎవరి నియమం వారిది.

6. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకూ లైసెన్సు కావాలి

16 ఏళ్ళు నిండిన ఎవరికైనా ఏటి దగ్గర లైసెన్సు ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు "ఒక్కసారి పట్టుకుంటాను" అన్నా అంతే. బయటివాళ్ళకు పది రోజుల లైసెన్సు దొరుకుతుంది. జూలై 4న మాత్రం ఈ రాష్ట్రంలో ఎవరికీ అక్కర్లేదు. చెరోకీ తెగవారి భూముల్లో పారే ఓకనలఫ్టీ లాంటి నీళ్ళకు వాళ్ళ హ్యాచరీ, వాళ్ళ పర్మిట్ వేరు. రాష్ట్ర లైసెన్సు అక్కడికి పనికిరాదు, అవసరమూ లేదు. ఫారాల్లో మామూలుగా లైసెన్సు అడగరు. రసీదు మాత్రం దాచుకోండి, దారిలో ఐస్ పెట్టె తెరిచి ఇన్ని చేపలెక్కడివని ఎవరైనా అడిగితే చూపించాలి.

లైసెన్సు డబ్బు వృథా అనుకోకండి. దానితో పాటు 1950 నాటి కేంద్ర చట్టం ప్రకారం గాలపు సామాను మీద వసూలయ్యే పన్నూ చేరి ఏరుల బాగోగులకు పోతుంది.

7. వేసవిలో నీళ్ళ వేడి చూడండి

నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటితే ట్రౌట్‌కు ఊపిరాడదు. అప్పుడు పట్టి వదిలినా ఎక్కువగా చచ్చిపోతుంది. చిన్న థర్మామీటర్ దారానికి కట్టి నీళ్ళలో ఉంచండి. జూలైలో తెల్లవారుజామున వెళ్ళి పదికల్లా వచ్చేయాలి. మధ్యాహ్నం పిల్లలు మారాం చేస్తే ఫారానికి తీసుకెళ్ళండి, అక్కడి ఊట చల్లగానే ఉంటుంది.

8. చెయ్యి తడుపుకుని ముట్టుకోండి

ట్రౌట్ ఒంటి మీద జిగురు పొర ఉంటుంది. పొడి చేత్తో పట్టుకుంటే అది ఊడి, అక్కడ బూజు పడుతుంది. రెండు చేతులూ నీళ్ళలో ముంచి, చేపను వలబుట్టలోనే ఉంచి, కొక్కెం మొదలు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి తోయాలి. లోపలికి మింగేసి ఉంటే లాగకుండా దారం కోసేయండి. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోండి. మొప్పలు నాలుగైదుసార్లు తెరుచుకుని మూసుకున్నాక అదే చేతిలోంచి జారిపోతుంది. తినదలుచుకుంటే ఆలస్యం చేయకుండా తల మీద ఒక్క దెబ్బతో చంపి ఐసులో పెట్టండి. సంచిలో కొట్టుకుంటూ చావనివ్వకండి. పిల్లలు చూస్తున్నారని ఈ పని దాచకండి కూడా.

9. పులుసులో చివర్న వేయండి

ట్రౌట్‌కు పొలుసు చాలా సన్నం, గీకక్కర్లేదు. పొట్ట చీల్చాక వెన్ను పొడవునా నల్లటి నెత్తురు గీత కనిపిస్తుంది. బొటనవేలి గోటితో తల నుంచి తోక దాకా గీకి కడగాలి, అది మిగిలితే కూర నీచు వాసన వేస్తుంది. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి ఇంకోసారి కడగండి. కొర్రమీను లాగా పులుసులో మరిగితే ట్రౌట్ నిలవదు, విడిపోతుంది. పులుసు దగ్గరపడ్డాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పి, ఐదారు నిమిషాల్లో దించేయండి. వేపుడైతే ఇంకా మేలు. కండ గులాబీ రంగులో ఉంటే అది చాలావరకు మేతలో కలిపే రంగు పదార్థం వల్ల, తాజాదనానికి గుర్తు కాదు. తాజాదనం మొప్పల ఎరుపులో, కంటి మెరుపులో చూసుకోండి.

10. ఈ కొండల సొంత చేపను వదిలేయండి

రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ వైపు నదుల నుంచి వచ్చింది. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి వచ్చాయి. అప్పలాచియన్ కొండల్లో మొదటినుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్ ఒక్కటే. వీపు మీద పురుగు పాకినట్టు మెలికల గీతలు, పక్కన నీలి వలయంలో ఎర్ర చుక్క, రెక్కల అంచున తెల్లని గీత. బయటి చేపల పోటీకి అది పైపై వాగుల్లోకి తగ్గిపోయింది. చిన్న వాగులో అరచేయంత బ్రూక్ పడితే, లెక్కలోకి వచ్చినా వదిలేయండి.

ఫారం చేపను బతికుండగా తెచ్చి ఏట్లో వదిలితే పుణ్యమని కొందరు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అనుమతి లేకుండా అలా వదలడం నేరం, పైగా చేపతో పాటు రోగమూ దిగుతుంది. వెన్ను వంకరపోయి గిరగిరా తిరుగుతూ చచ్చే జబ్బు ఒకటి 2015లో ఈ రాష్ట్రంలో వటాగా నదిలో బయటపడింది. అందుకే ఒక ఏటి నుంచి ఇంకో ఏటికి వెళ్ళేముందు బూట్ల బురద కడిగి ఆరబెట్టాలి, పేగులు నీళ్ళలో పారేయకూడదు.

11. పిల్లలకు మొదట ఫారం, తర్వాత జూన్ శనివారం

ఆరేళ్ళ పిల్లకు మొదటిరోజే ఏటి ఓపిక నేర్పాలని చూడకండి. ఫారంలో ఒక చేప పట్టి, తూకం చూసి, ఇంటికి తెచ్చి తిననివ్వండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకూ అదే మేలు, చాలా చోట్ల నేల చదునుగా ఉంటుంది. పిల్ల కాస్త ఎదిగి తన ఎర తను కట్టుకోగలిగాక ఏటికి తీసుకెళ్ళండి.

దానికి నలుపు, తెలుపు పలకల ఏరుల్లో ఒక మంచిరోజు ఉంది. జూన్ మొదటి శనివారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా ఆ నీళ్ళు 18 ఏళ్ళలోపు వాళ్ళవే, చేపలు ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా. పెద్దవాళ్ళు పక్కన నిలబడి చూపించాలి తప్ప గాలం వేయకూడదు. బ్రెవార్డ్ ఊరి అవతల ఈస్ట్ ఫోర్క్ ఫ్రెంచ్ బ్రాడ్ అలాంటి ఏరే. షార్లెట్ నుంచి ఆరింటికల్లా అక్కడుండాలంటే మూడింటికే కారు కదలాలి. పులిహోర ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోండి.