ఏలీయాకు ముందు రొట్టె, ఆ తరువాతే మాట
(బైబిలు శిక్షణలో ఉన్న ఒక విద్యార్థికి లేఖ)



క్రైస్తవ బోధ ప్రకారం మనిషి విలువ సంపాదించుకునేది కాదు, పుట్టుకతో వచ్చేది. దేవుడు స్త్రీనీ పురుషునీ తన స్వరూపంలో చేశాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. అక్కడ కులం, చదువు, ఆస్తి ఏదీ షరతు కాదు. చివరికి భక్తి కూడా కాదు. మనిషి పాపంలో పడిన సంగతి మూడో అధ్యాయంలో గానీ రాదు. ఈ వరుస తారుమారైతే బోధ అంతా పక్కదారి పడుతుంది. ‘నేను పురుగును’ అంటూ ప్రార్థన మొదలుపెట్టడం చాలా సంఘాల్లో వినయంగా చెల్లిపోతోంది. ఆ మాట ఇరవై రెండో కీర్తనలో ఉన్నదే. కాకపోతే అక్కడ అది నలుగురిలో నవ్వులపాలైన మనిషి మొర, రోజూ వల్లించమని ఇచ్చిన పాఠం కాదు. రోమా పత్రిక పన్నెండో అధ్యాయం ఎవరూ తమను ఉన్నదానికి మించి ఎంచుకోవద్దంటుంది గానీ, ఉన్నదాన్ని కొట్టేసుకోమనదు.

మనిషి విలువ అన్న ఈ సంగతికి సామర్లకోటలో చరిత్ర ఉంది. కెనడియన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ మెక్లారిన్ 1882లో ఇక్కడ బోధకుల శిక్షణకు సెమినరీ తెరిచారు. ఆ మిషన్ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరు దూరం పెట్టిన ఇళ్ళ పిల్లలు పుస్తకం పట్టి, పదిమంది ఎదుట నిలబడి మాట్లాడడం అలాంటి చోట్ల అలవాటు చేసుకున్నారు. అలాగని దొరలు వచ్చి విలువ తెచ్చిపెట్టారనుకుంటే అది సగం నిజమే. కాకినాడలో ఆ మిషన్ పనికి పునాది వేసింది థామస్ గాబ్రియేలు అనే తెలుగువాడు. తంతి శాఖ ఉద్యోగం మానేసి ఆయన మొదలుపెట్టిన పనినే 1874లో మెక్లారిన్ వచ్చి అందుకున్నారు. మరుసటి ఏడు ఆరంభంలోనే గాబ్రియేలు కన్నుమూశారు. మిషన్ చరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరుతో మొదలుపెట్టడమే న్యాయం. సంఘంలోకి వచ్చాక కూడా పెళ్ళి సంబంధం దగ్గర కులం అడగడం పోలేదన్నది మాత్రం దాచకూడని మాట.

విలువ దేవుడిచ్చినదైతే, దాన్ని మోసే ఒంటినీ మనసునూ చూసుకోవడం విలాసం కాదు. దీనికి రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయాన్ని మించిన పాఠం లేదు. యెజెబెలు రాణికి భయపడి పారిపోయిన ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీచెట్టు కింద కూలబడి చావు కోరుకుంటాడు. దేవదూత ఆయన్ని మందలించడు, వాక్యం చెప్పడు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు చూపిస్తాడు. ఏలీయా తిని, తాగి, మళ్ళీ పడుకుంటాడు. ఆ నిద్రకూ అడ్డు చెప్పరు. రెండోసారి లేపినప్పుడు, పోవలసిన దారి ఎక్కువ కాబట్టి తినమంటాడు దూత. ‘ఇక్కడేం చేస్తున్నావు’ అని దేవుడు అడగడం హోరేబు కొండ చేరాకే. నేనొక్కణ్ణే మిగిలానని వాపోయిన ప్రవక్తకు, ఇంకా ఏడువేలమంది ఉన్నారన్న కబురూ, తోడుగా ఎలీషా దొరకడమూ ఆ తరువాతి సంగతులు. తిండి, నిద్ర, తోడు: దేవుడు చేసిన వైద్యం ఇంతే.

సువార్తల్లోనూ ఇదే తీరు. తిండికి కూడా తీరిక లేని శిష్యులను యేసు ఏకాంతమైన చోటికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు. తుఫానులో తానే దోనెలో నిద్రపోయాడు. యువకుడైన తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలో, నీ యౌవనాన్ని బట్టి ఎవరూ నిన్ను చులకన చేయకుండా చూసుకో అన్న హెచ్చరికా ఉంది, కడుపు జబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్న సలహా కూడా ఉంది.

ఆచరణలోనే చిక్కంతా. శనివారం ఆల్‌నైట్ ప్రేయర్, తెల్లారితే ఆదివారం ఆరాధన, సాయంత్రం ఇళ్ళ కూటాలు. సేవకుడికి ఆదివారం పని దినమే గనుక, విశ్రాంతి దినం వారంలో మరో రోజు పడాలి. కొత్తగా సేవలోకి వచ్చినవాళ్ళు సంఘం ఏమనుకుంటుందోనని ఆ రోజు తీసుకోరు. అక్కడ లోపం భక్తిలో కాదు, తమ విలువను సంఘం మెప్పుతో తూచుకోవడంలో. ఉపవాసాల దగ్గరా ఇలాంటి చిక్కే. ఈస్టరుకు ముందు శ్రమకాలం నలభై రోజులూ ఉపవాసమంటూ షుగరు మాత్రలు ఆపేసేవాళ్ళున్నారు. మాత్ర మానేస్తే ఒంట్లో చక్కెర పెరిగిపోవచ్చు, మాత్ర వేసుకుని తిండి మానేస్తే చక్కెర ఒక్కసారి తగ్గి కళ్ళు తిరిగి పడిపోనూవచ్చు. అందుకే డాక్టరుతో మాట్లాడాకే ఉపవాసం.

దిగులు వారాల తరబడి వదలకపోయినా, నిద్రా ఆకలీ చెడినా అది విశ్వాసం తక్కువై వచ్చిందనడానికి వీల్లేదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. ప్రార్థన సాగుతుండగానే వైద్యుణ్ణి కలవవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.