వంటచెరకు వెల ఎంత?

2022 లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన పిమ్మట ఐరోపాలో సహజవాయువు ధర ఒక్కసారిగా పెరిగినది. జర్మనీ వంటి శీతల దేశాల ప్రజలు గదులను వెచ్చచేసుకొనుటకు మరల కట్టెల పొయ్యిలను ఆశ్రయించినారు. దానితో కట్టెల ధర కూడ పెరిగినది. నెల్లూరు తీరంలో నివసించే మనకు గదిని వెచ్చచేసుకోవలసిన అగత్యం లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఒక దుప్పటి చాలును. కాని సిలిండరు వెల పెరిగినప్పుడెల్లా పెరటిలోని మట్టిపొయ్యి మరల రాజుకొనే ఇండ్లు మన విద్యార్థులవి చాలా ఉన్నవి. ఉర్దూలో చూల్హా అన్నా, తెలుగులో పొయ్యి అన్నా ప్రశ్న ఒక్కటే: కట్టె నిజంగా చవకయేనా?

మన తీరంలో వంటచెరకు అనగానే గుర్తుకు వచ్చేది సరుగుడు. కొందరు దీనిని సర్వి అనీ, చవుకు అనీ పిలుస్తారు. ఇది మన దేశపు చెట్టు కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా దీవులు దీని పుట్టిల్లు. పందొమ్మిదవ శతాబ్దిలో రైలింజన్లకు కట్టె కావలసివచ్చి చెన్నపురి రాజధానిలోని సముద్రతీరంలో దీని తోపులు విస్తారంగా పెంచినారు. దీని వేళ్ళ బుడిపెలలో నివసించే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టుకు అందిస్తుంది. అందువలననే మరొక చెట్టు బ్రతకని ఉప్పుటిసుకలో సరుగుడు ఏపుగా ఎదుగుతుంది. కట్టె బరువైనది, నిప్పు చాలసేపు నిలుస్తుంది. రాలిన సన్నని ఆకును కూడ పేదవారు ఊడ్చుకొనిపోయి పొయ్యిలో వేసుకొంటారు.

కట్టె వ్యాపారం మన తీరానికి క్రొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట అడవుల నుండి చెన్నపట్నపు వంటిండ్లకు కట్టెలు పడవల మీద బకింగ్‌హాం కాలువలో వెళ్ళేవి. ధాత కరవు కాలంలో, అనగా 1876–78 మధ్య, ఆ కాలువలో కొంత భాగాన్ని కూలి పనిగా త్రవ్వించినారు. 1878 లో నాటి గవర్నరు పేరు దానికి పెట్టినారు. కట్టె పడవలు బయలుదేరిన ఆ దీవి నుండి 1971 మొదలు రాకెట్లు బయలుదేరుతున్నవి. కాలువ మాత్రం పూడిపోయినది. ఇప్పుడు సరుగుడు లారీలెక్కి కాగితపు మిల్లులకు పోతున్నది. నిటారైన కర్ర మిల్లుకు, కట్టడాల పనికి పోగా, కొమ్మలూ మొద్దులూ అడితికి వస్తున్నవి. కనుక పొయ్యిలోని కట్టె ధరను నేడు వంటింటివారే కాక కాగితం వారు కూడ నిర్ణయిస్తున్నారు.

ఇక లెక్కకు వద్దాము. ఇంటి సిలిండరులో 14.2 కిలోల వాయువు ఉంటుంది. కిలోకు సుమారు 46 మెగాజౌళ్ళ వేడి వస్తుంది, మొత్తం 650. గ్యాసు పొయ్యి మీద అందులో పదింట ఆరు వంతులు గిన్నెకు చేరుతుందనుకొంటే, 390 మెగాజౌళ్ళు మనకు దక్కినట్లు. బాగా ఎండిన కట్టె కిలోకు ఇచ్చే వేడి సుమారు 15 మెగాజౌళ్ళు. మూడు రాళ్ళ పొయ్యిలో గిన్నెకు చేరేది అందులో పదింట ఒక వంతు మాత్రమే, అనగా ఒకటిన్నర. 390 ని ఒకటిన్నరతో భాగిస్తే 260. ఒక సిలిండరు చేసే పనికి 260 కిలోల కట్టె కావలెనన్నమాట! అడితిలో కిలో నాలుగు రూపాయలనుకొంటే 1040 రూపాయలు. మీ ఊరి ధరతో మీరే గుణించి, సిలిండరు వెలతో పోల్చి చూడండి. కట్టె కొని వండేవారికి ఆదా ఉన్నదని మేము అనుకొనము.

మీ ఇంటి పొయ్యి పనితనం తెలియగోరితే పెద్ద పరికరాలు అక్కరలేదు. కట్టెలు తూచండి. అయిదు లీటర్ల నీటిని మరిగించండి. మిగిలిన కట్టెను, బొగ్గును పక్కకు తీసి మరల తూచండి. 30 డిగ్రీల నీరు 100 డిగ్రీలకు చేరుటకు సుమారు ఒకటిన్నర మెగాజౌళ్ళు చాలును. కిలో కట్టె పట్టినచో మీ పొయ్యి పదింట తొమ్మిది వంతులు గాలికి ఇస్తున్నది. అరకిలోలో ముగించగలిగితే అది మంచి పొయ్యి.

పచ్చికట్టె విషయం ఇంకా విచిత్రం. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరు. ఆ నీటికి కూడ త్రాసు వెల కడుతుంది! పిమ్మట పొయ్యిలో ఆ నీటిని ఆవిరి చేయుటకు మరికొంత వేడి ఖర్చు. చివరకు పచ్చికట్టె కిలోకు వచ్చేది ఎండుకట్టె వేడిలో సుమారు సగమే. మన జిల్లాకు ఈశాన్య ఋతుపవన వర్షాలే ముఖ్యం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తడి, తుపాను భయం. కట్టె కొనవలసినది ఎండాకాలంలో, చీల్చి పేర్చవలసినది వానలకు ముందు. దీపావళి తరువాత కొన్నవాడు నీళ్ళు కొన్నట్లే.

పొగ అంటే ఏమిటో కూడ తెలిసికొనవలె. కట్టె నేరుగా మండదు. ముందు తడి ఆరుతుంది; పిమ్మట బరువులో సుమారు మూడు వంతుల భాగం వాయువులుగా మారుతుంది; ఆ వాయువు మండితే మంట, మండకపోతే పొగ. మిగిలినది బొగ్గు. కనుక పొగ మండని వంటచెరకే. అది ఇంటి కప్పుకు మసిగా అంటుతుంది, పొయ్యి ఊదే మనిషి ఊపిరితిత్తులకూ అంటుతుంది. 1980 ల తొలినాళ్ళలో కిర్క్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు గుజరాతు గ్రామాలలో వంట చేసే స్త్రీలు పీల్చే పొగను కొలిచి, 1983 లో ఆ ఫలితాలు ప్రకటించినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో, 2020 లో ఇంటి పొగ వలన మరణించినవారు సుమారు 32 లక్షలు. అడితి చీటీలో ఈ పద్దు ఉండదు. సర్కారు తుమ్మ కంపలో ముళ్ళు గుచ్చుకొంటూ పుల్లలేరే అమ్మకు అడితి చీటీయే ఉండదు గనుక, ఆమె కట్టె ఉచితమని ఇంట్లో అందరూ అనుకొంటారు. మాకు అన్నిటికన్న బాధ కలిగించే లెక్క ఇదే.

తెలుగునాట దీనిని గుర్తించినవారు లేకపోలేదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం గల మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిండ్లను గురించి 1953 లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించినారు. 1983 లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం ఆరంభించి, 2002 వరకు నడిపినది. పొయ్యిలు కట్టించినారు గాని పగిలిన గొట్టం మార్చేవారు, మసి దులిపేవారు లేక చాలా చోట్ల అవి మూలపడినవి. పిమ్మట 1999 లో దీపం పథకం, 2016 లో ఉజ్జ్వల పథకం గ్యాసును పేదింటికి తెచ్చినవి. కనెక్షను రావడం వేరు, రెండవ సిలిండరు కొనగలగడం వేరు.

అట్లని కట్టెను పూర్తిగా వదలవలెనని మేము అనము. స్నానపు నీళ్ళు కాచుటకు పాత ముస్లిం ఇండ్లలో వాడిన రాగి హమామ్‌ను చూడండి. నిప్పు నడుమ, నీరు చుట్టూ, పొగ పైగొట్టం గుండా బయటికి, ఉండేది పెరటిలో. వేడి వృథా కాదు, మనిషి పొగ పీల్చడు. ఉరుసుకో పెండ్లికో దేగులలో బిరియాని వండేటప్పుడు కూడ కట్టె ఆరుబయటనే మండుతుంది. అక్కడ కట్టెకు తగిన స్థానం ఉన్నది. మూసిన వంటింటిలో లేదు. తుపాను రాత్రి తలుపులు బిగించి నిప్పుల కుంపటి గదిలో పెట్టుకోవడం అన్నిటికన్న ప్రమాదం. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి అనిపించేలోపలే మనిషి నిద్రలోనికి జారిపోవచ్చును.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. కళాశాల విందులకు కట్టె కొనేటప్పుడు వానలకు ముందే కొని, కప్పు క్రింద, నేలకు జానెడెత్తున ఇటుకల మీద పేర్పించండి. వంటశాలకు పొగగొట్టం పెట్టించితే దానిని దులుపుటకు ఒక మనిషిని కూడ నియమించండి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు సంక్రాంతి సెలవులలో తమ తమ ఇండ్ల పొయ్యిలను పైన చెప్పిన విధంగా తూచి వచ్చిన అంకెలను తెలుగులోగాని ఉర్దూలోగాని వ్రాసి ఇస్తే, వాటిని వచ్చే సంచికలో పట్టికగా వేయవచ్చును.