కోళ్ళ గూటికి ఏ తీగజాలి కొనాలి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాల సంఘాలలో, పాలడబ్బులో కొంత మిగిల్చి పదో పదిహేనో నాటుకోళ్ళను గాని, వనరాజా, గ్రామప్రియ వంటి పెరటికోళ్ళను గాని సాకే సభ్యులు ఉన్నారు. ఈ పని ఎక్కువగా ఆడవారే చూసుకుంటున్నారు. మేము తనిఖీకి వెళ్ళి లెక్కల పుస్తకాలు చూడటం ముగించిన తరువాత వారు అడిగే ప్రశ్న ఒకటుంది: "జాలి కట్టినా కోళ్ళు పోతున్నాయి సార్, ఏం చేయాల?" ఈసారి ఆ సంగతి వ్రాస్తున్నాము.

ముందుగా దొంగ ఎవరో తెలియాలి. జాలి పక్కనే తల లేని కోడి పడి ఉంటే పిల్లి గాని, బావురుపిల్లి గాని బయటినుంచి పంజా పెట్టి లాగిందని అనుకోవచ్చు. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పామును అనుమానించాలి. నాలుగైదు కోళ్ళు మెడ కొరకబడి చచ్చి, తినకుండా వదిలివేయబడి ఉంటే ముంగిస పనో, కుక్కల పనో అయి ఉంటుంది. రాత్రికొక పిల్ల తగ్గిపోతూ, గూటి మూలలో బొరియ కనిపిస్తే పందికొక్కు వస్తున్నట్లే. పశువుల దాణా మూటలు గూటి పక్కన పెట్టుకున్న ఇళ్ళలో ఎలుకలు చేరుతాయి, ఎలుకల వెనుక పాము వస్తుంది. దాణాను మూత ఉన్న డ్రమ్ములో పెట్టడం కూడా జాలిలో సగం పని చేస్తుంది.

అంగడిలో "కోళ్ళ జాలి" అని అడిగితే ఇచ్చేది ఆరు మూలల కన్ను గల సన్నతీగ అల్లిక. దీనిని అల్లే యంత్రాన్ని 1844లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో చార్లెస్ బార్నార్డ్ అనే ఆయన, గుడ్డ నేసే యంత్రాన్ని చూసి తయారుచేశాడు. నేతపని తెలిసిన మన ప్రాంతంవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఈ జాలి కోడిని లోపల ఉంచగలదే గాని కుక్కను బయట ఉంచలేదు. తీగ మెత్తన, ఒక మెలిక తెగితే పక్క మెలికలు కూడా వదులవుతాయి. పగటిపూట తిరిగే దొడ్డికి పైకప్పుగా వేస్తే గద్దకు, కాకికి చాలు. రాత్రి పడుకునే గూటికి మాత్రం వెల్డింగు జాలి తప్పనిసరి.

కన్ను ఎంత ఉండాలి? రెండంగుళాల కన్నులో ముంగిస దూరగలదు. అంగుళం కన్ను ముంగిసను, పిల్లిని ఆపుతుంది, ఎలుకపిల్లను ఆపదు. కింది రెండడుగులకు అరంగుళం, ఆ పైన అంగుళం వేస్తే ఖర్చు కలిసివస్తుంది. గూడంతా అరంగుళం వేసినవారు మన ఎండాకాలంలో ఇబ్బంది పడుతున్నారు. దుమ్ము, ఈకలు పట్టి కన్నులు పూడిపోతే గాలి ఆడదు. అటువంటివారు వారానికొకసారి చీపురుతో దులపాలి. కోళ్ళు ఎక్కి కూర్చునే కర్రను జాలికి అడుగు దూరంలో కడితే పంజా అందదు.

ఇక తీగ లావు. గేజి అంకె పెరిగినకొద్దీ తీగ సన్నమవుతుంది. 14 గేజి తీగ సుమారు 2 మిల్లీమీటర్లు, 16 గేజి 1.6, 18 గేజి 1.2, 20 గేజి 0.9 మిల్లీమీటర్లు. అంగుళం కన్నుకు 16 గేజికి, అరంగుళానికి 18 గేజికి తక్కువ లావు తీసుకోవద్దని మా సలహా. చీటీ మీద ఏమి వ్రాసి ఉన్నా తూకం అబద్ధం చెప్పదు. అంగుళం కన్ను 16 గేజి జాలి చదరపు అడుగుకు సుమారు 120 గ్రాములు, అరంగుళం కన్ను 18 గేజి సుమారు 135 గ్రాములు తూగాలి. అంటే మూడడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు గల అరంగుళం చుట్ట 20 కిలోల దరిదాపుల్లో ఉండాలి. 11 కిలోలే తూగితే అది 20 గేజి. వెన్నశాతం చూడకుండా పాలు పోయించుకోని మనం, తూకం వేయకుండా జాలి ఎందుకు కొనాలి?

జింకు పూత కూడా చూడండి. వెల్డింగు అయిన తరువాత పూత వేసిన జాలిలో అతుకుల మీద కూడా జింకు నిండుగా పట్టి ఉంటుంది. ముందే పూత వేసిన తీగతో చేసినదైతే అతుకు దగ్గర పూత కాలి నల్లగా కనిపిస్తుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. చౌడునేలలోను, పేడ, మూత్రం తగిలే చోట్ల ఇది త్వరగా పాడవుతుంది.

అడుగుభాగం నేలనుబట్టి ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రేగడిలో ఎండకు నెర్రెలిచ్చి కూసాలు కదులుతాయి, నెర్రెలే దారులవుతాయి. ఇక్కడ జాలిని అడుగు లోతు పాతి, మరొక అడుగు బయటివైపుకు మడిచి పూడ్చాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపబండలు దొరుకుతాయి కనుక, బండలను చుట్టూ నిలువుగా పాతి వాటి పైనుంచి జాలి మొదలుపెడితే అంతకన్న మేలు; తుప్పు బాధ కూడా తప్పుతుంది. పులివెందుల వైపు రాతినేలలో తవ్వడం కుదరనిచోట జాలిని బయటివైపు నేలమీద పరచి, రాళ్ళు పేర్చండి. తలుపు కింద సందు మరచిపోయేవారే ఎక్కువ.

ఇంతవరకు కోడి సంగతి. కోడికన్న విలువైనది పక్క కొట్టంలో ఉన్నది. జాలి కత్తిరించినప్పుడు అంగుళం, రెండంగుళాల తీగముక్కలు రాలుతాయి. పశువు మేతను నమలకుండా మింగి, తరువాత నెమరు వేస్తుంది కనుక చొప్పలోనో, వేరుశనగ కట్టెలోనో కలిసిన తీగముక్క నోటికి తెలియకుండా లోపలికి పోతుంది. అది తేనెపట్టు వంటి గదులున్న పొట్టలో నిలుస్తుంది. ఆ పొట్టకు ముందు పలుచని తెర, తెరకు అవతల గుండె. పొట్ట కదిలినప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటూ పోయి గుండె పొరను చేరితే ఆ ఎనుము దక్కడం కష్టం.

కనుక జాలిని వామికి, గాడికి దూరంగా, పాత గోనెపట్ట పరచి దానిమీద కత్తిరించండి. ముక్కలు ఏరిన తరువాత ఒక అయస్కాంతాన్ని దారానికి కట్టి ఆ చోటంతా తిప్పండి. తుప్పుపట్టిన పాత జాలిని ఊడదీసేటప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం, ఎందుకంటే అది చేతిలోనే పొడిపొడిగా విరుగుతుంది.

పాలు ఒక్కసారిగా తగ్గి, మేత మానేసి, నెమరు ఆగి, ముందుకాళ్ళ మోచేతులు ఎడంగా పెట్టి నిలబడి, పల్లం దిగడానికి వెనుకాడే పశువును అజీర్తి అని నాటుమందులతో రోజులు గడపవద్దు. ముందురొమ్ము కింద నీరు చేరేవరకు ఆగితే చేయగలిగినది చాలా తక్కువ. తొలిరోజుల్లో డాక్టరుకు చూపితే పొట్టలోకి అయస్కాంతం వేసి గాని, శస్త్రచికిత్స చేసి గాని కాపాడే అవకాశం ఉంటుంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ప్రొద్దుటూరులోనే ఉన్నది. ఇంట్లో ఇటీవల జాలిపని జరిగిందన్న మాట డాక్టరుకు మొదటే చెప్పండి. సంఘ కార్యదర్శులు కూడా, ఏ సభ్యుని పాలు రెండు పూటలు వరుసగా సగానికి పడిపోయినా, పుస్తకంలో అంకె వేసి ఊరుకోక కారణం అడగగలరు.